తలకిందులుగా చదివే మనిషి

మొన్న మా మనవరాలు హైదరాబాదు ఎగ్జిబిషన్లో కొన్నానంటూ ఒక నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అట్ట మీద కలంకారీ గుడ్డ. "ఎంత బాగుందో చూడండి తాతగారూ, మన పెడన గుడ్డే" అంది. చూశాను. ఎర్రటి నేల మీద నల్లటి లతలు. మూల మడత దగ్గర గుడ్డ కొంచెం పైకి లేచింది. అతనైతే అలా లేవనిచ్చేవాడు కాదు. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. నచ్చలేదేమోనని పిల్ల చిన్నబుచ్చుకుంది. నచ్చక కాదు. ఆ గుడ్డ అట్ట చూస్తే నాకు సిగ్గేస్తుంది. నలభయ్యేళ్ళు దాటిపోయాయి, నేను ముసలివాణ్ణయ్యాను గాని ఆ సిగ్గు మాత్రం ముసలిది కాలేదు.

అతని పేరు రాయను. మరిచిపోయి కాదు. రాయవలసిన చోట రాయలేదు. ఇప్పుడు ఇక్కడ రాసి ఏదో ఉపకారం చేసినట్టు కనపడటం నాకిష్టం లేదు. బందరులో మా లైబ్రరీకి వచ్చేవాళ్ళందరూ అతన్ని బైండరు అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. అప్పటికి ఆ లైబ్రరీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు ఇరవయ్యారేళ్ళు, అతనికి యాభై దాటాయి. నేను అతన్ని 'నువ్వు' అనేవాణ్ణి, అతను నన్ను 'అయ్యగారూ' అనేవాడు. ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదంటారు. నాకూ తోచలేదు. తోచకపోవడం గొప్ప విషయమేమీ కాదు.

దివిసీమలో కోడూరు అవతల ఒక పాలెం అతని ఊరు. చిన్నతనంలో దొరల మిషన్ ప్రెస్సులో కూలికి చేరి పని నేర్చుకున్నాడు. మా లైబ్రరీ వెనక వరండా అతని చోటు. నేల మీద గోనెపట్టా పరుచుకుని, మఠం వేసుకుని కూర్చునేవాడు. ఎదుట మూకుట్లో మైదాపిండి జిగురు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. అందుకని జిగురు లేత నీలంగా ఉండేది, అతని గోళ్ళ చుట్టూ కూడా ఆ నీలం ఎప్పుడూ ఉండేది. పెద్దవాళ్ళ పుస్తకాలకు మామూలు కాలికో గుడ్డ వేసేవాడు. పిల్లల పుస్తకాలకు మాత్రం పెడన వెళ్ళి, అచ్చు తప్పిందని పక్కన పడేసిన కలంకారీ ముక్కలు అడిగి తెచ్చుకునేవాడు. "పెద్దోళ్ళు పుస్తకం పేరు చూస్తారండి. పిల్లలు ముందు చేత్తో తడిమి చూస్తారు" అనేవాడు.

అతనికో విద్య ఉండేది. పుస్తకాన్ని తలకిందులుగా చదివేవాడు. ప్రెస్సులో పెద్ద కాగితం మీద పేజీలు కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా అచ్చవుతాయి. వాటిని మడతలు పెట్టే పని చేస్తూ అక్షరాలు నేర్చుకున్నవాడు గనక అతనికి పుస్తకం ఎటు తిరిగినా ఒకటే. సాయంత్రం నాలుగయ్యేసరికి వెనక సందులోని పిల్లలు వరండా మెట్ల మీద చేరేవాళ్ళు. ఎక్కువమంది ఆడపిల్లలే, చంకల్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. అతను పుస్తకాన్ని వాళ్ళవైపు తిప్పి మోకాళ్ళ మీద నిలబెట్టి, తాను పైనుంచి తల వంచి తలకిందులుగా చదివి వినిపించేవాడు. "బళ్ళో పంతులుగారు బొమ్మని తనవైపు పెట్టుకుంటాడండి. మరి పిల్లలేం చూడాల, పంతులుగారి మొహమా?" అనేవాడు. 

స్వతంత్రం వచ్చి పదేళ్ళు దాటిన రోజులు. లైబ్రరీలో పిల్లలకంటూ ఒక బీరువా పెట్టాలని కమిటీ వారు తీర్మానించారు. కథలు ఇళ్ళల్లో అమ్మమ్మలు చెబుతూనే ఉన్నారు, పిల్లలకు లోకజ్ఞానం కావాలి, కథలు కాని పుస్తకాలు ఒక అరవై ఎంచమని ఆ పని నాకు అప్పగించారు. నేను బి.ఏ. చదివి, నాలుగు పద్యాలల్లి, ఊళ్ళో సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. పిల్లల పుస్తకాలు ఎంచడం కూడా ఒక పనేనా అనుకున్నాను. బెజవాడ నుంచి నమూనా పుస్తకాలు రెండు పెట్టెలు దిగాయి. పక్షులు, నక్షత్రాలు, ఆవిరి యంత్రం, తేనెటీగలు, తిమింగలం, దేహారోగ్యం. భాష గంభీరంగా ఉన్నవన్నీ తీసి ఒక దొంతర పెట్టాను.

అతను ఆ దొంతర పక్కనుంచి వెళ్తూ ఆగాడు.

"అయ్యగారూ, ఒక మాట అనొచ్చాండీ?"

"అనవయ్యా."

పైనున్న పుస్తకం తీసి, పెదాలు కదుపుతూ వేలితో లెక్కపెట్టాడు. "మొదటి నాలుగు పేజీల్లో 'ఓ బాలలారా' అని తొమ్మిదిసార్లు పిలిచాడండి. మూడు దాటితే వద్దండి. పిలుస్తా కూర్చునేవాడు ఏమీ చెప్పడు."

నవ్వాను. అతను అవతలికి వెళ్ళాక నేనూ లెక్కపెట్టాను. తొమ్మిదే.

అలా మొదలైంది. ఇంకో రోజు తిమింగలం పుస్తకం తీసి పక్కన పెట్టేశాడు. బొమ్మ బాగానే ఉంది కదయ్యా అన్నాను. "బాగానే ఉందండి. పక్కన పడవ వెయ్యలేదు. ఎంతుంటదో పిల్లకెట్టా తెలుస్తది? మన కాలవలో బొచ్చె చేపంత అనుకుంటది" అన్నాడు. ఆవిరి యంత్రం పుస్తకం రెండు రకాలుగా వచ్చింది. ఒకదాంట్లో యంత్రం కనిపెట్టినవాడి సద్గుణాలు, తల్లిదండ్రుల పట్ల అతని భక్తి, పన్నెండు పేజీలు. రెండోదాంట్లో మొదటి పేజీలోనే పొయ్యి మీద కుండ, మూత ఎగిరిపడుతోంది. "ఇది పెట్టండి. ఆ మొదటోడు మంచోడేగాని, ఆడి యంత్రం కదలడానికి పన్నెండు పేజీలు పడతంది" అన్నాడు.

అసలు పరీక్ష మెట్ల మీద జరిగేది. పుస్తకం చదువుతూ చదువుతూ వాక్యం మధ్యలో ఆపేసి, ఏమీ ఎరగనట్టు జిగురు కలుపుకోవడం మొదలుపెట్టేవాడు. పిల్లలు లేచి గచ్చకాయలాడుకోవడానికి పోతే ఆ పుస్తకం పని అయిపోయినట్టే. "తర్వాతేంటి?" అని అడిగితే పరవాలేదు. "అట్టా ఎట్టా అవుద్ది?" అని ఏ పిల్లయినా అతని మీదికి తగాదాకి వచ్చిందా, అతని మొహం వెలిగిపోయేది. "ఇదండి, ఇది పెట్టండి బీరువాలో. 'తర్వాతేంటి' అని కథకైనా అడుగుతారు. 'ఎట్టా' అని అడిగించాల ఇట్టాంటి పుస్తకం" అనేవాడు.

నేను లోపల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వింటూ జాబితా రాసుకునేవాణ్ణి. అరవైలో యాభై పైచిలుకు అతను ఎంచినవే. మిగిలినవి నా గంభీరమైన భాషవి.

ఆ యాభైలో ఒకటి పాముల గురించి. చిన్న పుస్తకం. పిల్లలు జడుసుకుంటారేమోనయ్యా అన్నాను. అతను పుస్తకం తెరిచి ఒక బొమ్మ దగ్గర బొటనవేలు పెట్టాడు.

"ఇందులో కట్లపాము సరిగ్గా వేశాడండి. మా పెద్దమ్మాయి పదమూడేళ్ళప్పుడు పోయిందండి. నేల మీద పడుకుంది. తెల్లారి లేచి, కాలి మీంచి ఏదో జరజరా పాకిపోయిందంది. మావోడొకడు ఆ పాముని చూసి నీళ్ళపామేలే అన్నాడు. నెప్పి లేదంది, గాటు కూడా కనపళ్ళేదు. మంత్రం పెట్టించాం. మధ్యాన్నానికి రెప్పలు మూతలు పడిపోతా ఉన్నయ్యండి, ఎత్తలేకపోయింది. ఈ బొమ్మ అప్పుడు మా పాలెంలో ఉంటే మంత్రం అనేవాళ్ళం కాదు, ఆసుపత్రికి పడవెక్కించేవాళ్ళం."

అంతే చెప్పి సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. నేను పుస్తకం పేరు జాబితాలో రాశాను. రాశాను గాని చదవలేదు.

జాబితా కమిటీ ముందుకు వెళ్ళింది. బీరువా పెట్టిన నెలలోనే పిల్లలు విరగబడ్డారు. ప్రెసిడెంటుగారు ఊళ్ళో పేరున్న ప్లీడరు. నలుగురిలో నా భుజం తట్టి, "పిల్లల మనసు పట్టుకున్నావయ్యా! ఎంత చక్కగా ఎంచావు!" అన్నారు. "ఏదోనండి, మీ ఆశీర్వాదం" అన్నాను. వరండా వైపు కిటికీ తెరిచే ఉంది. నేను బయటికి వచ్చేసరికి అతను నవ్వుతూ, "అందరికీ నచ్చినయ్యన్నమాటండీ అయితే" అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

కార్తీకం వచ్చింది, నాగుల చవితి వచ్చింది. కమిటీలో గుడివాడ నుంచి ఒక రైసు మిల్లు యజమాని ఉండేవారు. మనవరాలి కోసమని ఆయన మా బీరువాలోంచి పాముల పుస్తకం పట్టుకెళ్ళారు. పండగనాడు పుట్ట దగ్గర, ఊళ్ళో ముత్తయిదువలంతా చూస్తుండగా, ఆయన తల్లి, ముసలావిడ, పాలు పోయబోతుంటే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపిందట. "పాము పాలు తాగదంట మామ్మా, పుస్తకంలో ఉంది" అందట. ఆవిడ చేతిలో చెంబు జారి పాలన్నీ నేలపాలయ్యాయి. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదట.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మిల్లు యజమానిగారు మాత్రం పామర్రు మీదుగా కారేసుకుని, ఆ మంట చల్లారకుండానే కమిటీ సమావేశానికి దిగారు.

"మా అమ్మ ముందు తలెత్తుకోలేకపోతున్నానండీ. ఆచారం చెడగొట్టే ఈ పుస్తకం ఎంచిన మహానుభావుడెవరండీ?"

గదిలో ఏడుగురున్నారు. ఏడుగురూ నావైపు చూశారు. నా ఉద్యోగం ఖాయం కావలసిన సంవత్సరం అది. కట్లపాము బొమ్మ ఆ బీరువాలో ఎందుకుండాలో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక తండ్రి నాకు చెప్పాడు, నేను విన్నాను. ఆ మాట చెబితే మిల్లు యజమాని కూడా మెత్తబడేవారేమో, ఆయనకూ మనవరాలుంది కదా. నేను నోరు తెరిచి అన్నది ఇది:

"అది మా బైండరు చెప్పాడండి."

"బైండరేంటి, పుస్తకాలు ఎంచడమేంటి!" అన్నారెవరో. అతన్ని పిలిపించారు. చేతుల నీలం పైపంచెకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"ఈ పాముల పుస్తకం పెట్టమని నువ్వు చెప్పావా?"

అతను ఒక్కసారి నావైపు చూశాడు. నేను బల్ల మీద జాబితా వైపు చూస్తున్నాను.

"అవునండి. నేనే చెప్పానండి."

"ఏం, మిగతావి కూడా నువ్వేనా ఎంచింది?" అని ప్రెసిడెంటుగారు హాస్యానికి అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానని చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు, కాని నవ్వాను.

"మిగతావి అయ్యగారు రాసుకున్నారండి" అన్నాడతను.

అందులో అబద్ధం లేదు. రాసుకున్నది నేనే.

పుస్తకం బీరువాలోంచి తీసేయాలని తీర్మానమైంది. కుట్టేవాడు కుట్టుకోవాలిగాని ఎంచకూడదని మిల్లు యజమానిగారు అన్న మాట తీర్మానంలోకి ఎక్కకపోయినా అమలైంది. నెల తిరక్కుండా మా బైండింగు పని బజార్లో మరొకరికి ఇచ్చారు. అతను సూదులూ, కత్తీ, గోనెపట్టా మూటగట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వస్తానండి అయ్యగారూ. జిగురులో మైలుతుత్తం వెయ్యమని కొత్తాయనకి చెప్పండి. లేకపోతే పిల్లల పుస్తకాలకే ముందు పురుగు పడతది."

"అలాగేలే" అన్నాను. చెప్పలేదు. మెట్ల మీదికి పిల్లలు ఇంకో పది రోజులు వచ్చి చూసి, తర్వాత రావడం మానేశారు. 

మరుసటేడు ఆషాఢంలో, నాట్లు మొదలయ్యే ముందు, అతను ఊరి నుంచి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. పాముల పుస్తకం నా గదిలో తాళం వేసిన బీరువాలోనే ఉంది.

"అయ్యగారూ, ఆ పుస్తకం ఊరికే పడుంది గదండీ. పది రోజులిప్పిస్తే మా పాలెం పిల్లలకి చూపించి తెచ్చేస్తానండి. ఇక నాట్లకి అందరూ చేలల్లోనే ఉంటారు."

"కమిటీ తీసేసిన పుస్తకం బయటికివ్వడానికి రూల్సు ఒప్పుకోవయ్యా" అన్నాను.

"సరేనండి. ఇక్కడే కూర్చుని ఒకసారి చూసుకోవచ్చాండీ?"

నాలో దయ పొంగింది. భోజనాల వేళదాకా చూసుకోమన్నాను. అతను నేల మీద కూర్చుని పుస్తకాన్ని అలవాటుగా ఎదుటివాళ్ళవైపు తిప్పి పెట్టుకున్నాడు. ఎదుట ఎవరూ లేరు. కట్లపాము దగ్గర చాలాసేపు ఆగి, ఒంటి మీద తెల్లగీతలు వేలి కణుపుల మీద లెక్కపెట్టుకున్నాడు. కాగితం, పెన్సిలు ఇవ్వనా అని అడిగాను. "వద్దండి, చేతికి పట్టుబడితే చాలు, అది మరిచిపోదు" అన్నాడు. పన్నెండింటికి పుస్తకాన్ని తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అంత ఎండన పడి వచ్చినవాణ్ణి మంచినీళ్ళు కావాలా అని కూడా నేను అడగలేదు. పైగా ఇంటికెళ్ళి, పాపం అని చూసుకోనిచ్చానంటూ మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను.

"ఆ పుస్తకం మీ బీరువాలో ఉండి ఏం చేస్తోంది?" అంది ఆవిడ.

"నీకు ఆఫీసు సంగతులు తెలియవు" అన్నాను.

రెండేళ్ళు గడిచాయి. నా ఉద్యోగం ఖాయమైంది. పల్లెటూరి బళ్ళకు మేము పంపిన పుస్తకాల పెట్టెలు ఎలా వాడుతున్నారో చూసి రమ్మని నన్ను దివిసీమకు పంపించారు. ముందురోజే అవనిగడ్డ చేరి, పొద్దున్నే అద్దె సైకిలు తీసుకున్నాను. చూడవలసిన బళ్ళలో అతని పాలెం కూడా ఉంది. ముందు దాన్నే చూసేసి వదిలించుకుందామనుకున్నాను.

తాటాకుల బడి. పంతులమ్మది చిన్న వయసు. నా పేరు, హోదా చెప్పుకోగానే కంగారుపడి పెట్టె తెరిచి చూపించింది. పుస్తకాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క దాని మీదా మరక లేదు.

"ఎంత శుభ్రంగా ఉంచావమ్మా!" అన్నాను.

ఆవిడ మొహమాటపడింది. "ఎవరూ ముట్టుకోరండి. వాళ్ళకి వాళ్ళ పుస్తకం ఉంది సార్."

అరుగు మీద పిల్లలు గుంపుగా కూర్చున్నారు. పదేళ్ళ పిల్ల ఒకతి ఒక నోటుబుక్కును వాళ్ళవైపు తిప్పి, మోకాళ్ళ మీద నిలబెట్టి, పైనుంచి తల వంచి తలకిందులుగా చదువుతోంది. అట్ట కలంకారీ గుడ్డ, దాని మీద అచ్చు తప్పిన నెమలి.

"ఆయన..." అన్నాను. జన్మలో మొదటిసారి అతన్ని 'ఆయన' అన్నాను, అదీ అతని వెనక.

"కిందటి వేసంగిలో పోయారండి. మీకు ఆయన తెలుసా సార్?"

"కొంచెం."

నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళ మురికితో అంచులు నల్లబడ్డాయి. పట్టుకోగానే దానంతటదే కట్లపాము దగ్గర తెరుచుకుంది. పాము పక్కన ఒక పిల్ల చెయ్యి బొమ్మ వేసి ఉంది, ఎంతుంటుందో తెలియడానికి. పెద్ద పెద్ద అక్షరాలు. 'ఓ బాలలారా' ఎక్కడా లేదు. చివరి పేజీ తిప్పాను. "ఈ పుస్తకం ఎంచినవారు" అని రాసి, దాని కింద నా పేరుంది. ఇంటిపేరుతో సహా, చివర 'గారు' తగిలించి. అతని పేరు ఎక్కడా లేదు.

"ఆయన పేరు రాసుకోలేదేంటమ్మా?"

"నేనూ అడిగానండి. నా పేరుంటే ఎవరో ఒకరు వద్దంటారమ్మా, అయ్యగారి పేరుంటే ఎవరూ తీసెయ్యరు, పుస్తకం నిలబడతది అన్నారండి."

ఆ పిల్ల లేచి వచ్చింది. నేను పంతులమ్మకు చెప్పుకున్న పేరు విన్నట్టుంది. పేజీ మీద వేలు పెట్టి, "ఇది మీరేనాండీ?" అంది.

అక్కడ ప్రెసిడెంటుగారు లేరు, మిల్లు యజమాని లేరు. నా ఉద్యోగం ఎవరూ తీసేసేది లేదు. ఉన్నది పాతికమంది పిల్లలూ, వాళ్ళ పంతులమ్మా. కాదమ్మా, ఎంచింది మీకిది రాసిచ్చిన తాతే అంటే సరిపోయేది.

"అవునమ్మా" అన్నాను.

పిల్లలందరూ లేచి నిలబడి దణ్ణం పెట్టారు. ఆ పిల్ల మాత్రం వదల్లేదు. కట్లపాము బొమ్మ తెరిచి, పుస్తకం నావైపు తిప్పి పట్టుకుంది.

"అయితే చెప్పండి. దీనికి తెల్లగీతలు జంటలు జంటలుగా ఉంటయ్యని రాశారు గదండీ. అట్టా ఎట్టా వస్తయ్యండీ? తోకదాకా అట్టానే ఉంటయ్యా?"

అతనుంటే మొహం వెలిగిపోయేది. నాకు తెలియదు. నేను ఆ పుస్తకం చదవలేదు.

"బస్సుకి వేళయిందమ్మా" అన్నాను.

అవనిగడ్డలో నా బస్సు సాయంత్రం ఐదింటికి. అప్పటికి పదకొండు కూడా కాలేదు.